కూలి కోరని పనివాని రాత్రి బస

పనివానిని పిలుచునపుడు కూలి యెంతయని ముందుగా మాటాడుకొనుట లోకరీతి. కూలి యక్కరలేదు, ఊరక వచ్చి పని చేసి పోయెదనని యొకడు వచ్చినచో, అతనితో మాటాడుకొనవలసిన దేమియు లేదని మనకు తోచును. కాని యట్టివాని విషయమున నొక ప్రశ్న మిగిలియే యుండును. ప్రొద్దు క్రుంకిన పిదప అతడు పండుకొను చోటేది? అతని యిల్లు నూరు మైళ్ల దూరమున నున్నది. మరునాడు తెల్లవారక మునుపే అతడు పనిలో నుండవలెను. ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకనిచో, ఎంత గొప్ప సదుద్దేశమైనను ఒక్క దినముతో ముగిసిపోవును. బ్రిటను దేశమున మూతపడిన పాత రైలుమార్గములను ప్రజలు తమంతట తాము ఉద్ధరించుకొనిన చరిత్ర కలదు. ఆ చరిత్రను రాజులవైపు నుండియు, ధనవంతులవైపు నుండియు గాక, పనివాని పడకవైపు నుండి చెప్పవలెనని ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా ఆ రైలుమార్గము లెట్టివో చెప్పవలసియున్నది. బ్రిటనులో రైళ్లు 1948 జనవరి 1వ తేదీన ప్రభుత్వపరమైనవి. ఆ కాలమునకే లాభము లేని చిన్న మార్గములు పెక్కు కుంటుచుండెను. తరువాతి యేండ్లలో వేలకొలది మైళ్ల మార్గములు మూసివేయబడినవి. అట్టివానిలో కొన్నింటిని చూచి మనసొప్పక, సామాన్యజనులు సంఘములుగా నేర్పడి, పట్టాలను బాగుచేసి, ఆవిరి యింజనులను మరల కదిలించిరి. ఈనాడు ఆ దేశమందలి యిట్టి మార్గములలో 20,000 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు పనిచేయుచున్నారు. ఇంజను నడుపువాడు, బొగ్గు వేయువాడు, గార్డు, టిక్కెట్లమ్మువాడు, పట్టాలు పరచువాడు – వీరిలో పలువురు జీతము లేనివారే. వారమంతయు బడిలో పాఠములు చెప్పు ఉపాధ్యాయుడును, కచేరీలో లెక్కలు వ్రాయు గుమాస్తాయును, ఉద్యోగము విరమించిన పెద్దవాడును ఇచ్చట ఒకే కొట్టములో మసి పూసుకొని పనిచేయుదురు.

మనదేశమున దీనివంటి చిక్కు వేరొక విధముగా తీరినది. డ్రైవరును గార్డును బండితో దూరపుటూరు చేరినపుడు వారి విశ్రాంతికై రైల్వేవారు రన్నింగు రూములను కట్టియుంచిరి. డార్జిలింగు కొండరైలు 1999లోను, నీలగిరి రైలు 2005లోను, కాల్కా–సిమ్లా రైలు 2008లోను ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడినవి. అవి ప్రభుత్వ రైల్వేవారివి. కావున అక్కడి పనివాని పడక ఆ శాఖవారి బాధ్యత. బ్రిటనులోని స్వచ్ఛంద సంఘములకు వెనుక అట్టి శాఖ లేదు. పనివాడు తానై వచ్చును. పడకను సంఘమే సంపాదింపవలెను.

ఈ కథకు తగిన చోటు వేల్సు ప్రాంతపు కొండలసీమ. అది పలకరాతి దేశము. మన మార్కాపురపు పలకలపై నెందరో అక్షరములు దిద్దుకొనిరి గదా. ఆ జాతి రాయియే వేల్సు కొండలలో విస్తారముగా దొరకును. దానిని పలుచగా చీల్చి, పెంకులకు మారుగా ఇండ్లపై కప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రిటనునందలి పెరుగుచున్న పట్టణములకు ఆ రాయి లెక్కలేనంత కావలసివచ్చెను. గనినుండి దానిని ఓడరేవునకు దించుటకే అక్కడి చిన్న రైళ్లు పుట్టినవి. ఫెస్టినియోగ్ మార్గము 1836లో తెరవబడెను. దాని పట్టాల నడిమి వెడల్పు రెండడుగులకు కొంచెము తక్కువ. పొడవు 13½ మైళ్లు. మొదట రాతిబండ్లు వాలుమీదుగా తమంతట తామే రేవునకు దిగుచుండెను. ఖాళీ బండ్లను గుర్రములు మరల పైకి లాగుచుండెను. ఆవిరి యింజనులు 1863లో వచ్చినవి.

అయితే ఆ మార్గమున రైలుకంటె ముందే పనివాని బస వెలసెను. విలియం మాడక్సు అను పార్లమెంటు సభ్యుడు సముద్రపుపాయకు అడ్డముగా మైలు పొడవు గల కట్టను వేయించెను. అది 1811లో పూర్తియయ్యెను. కట్టకు రాయి త్రవ్విన చోటనే పనివారికి బసలు కట్టబడినవి. మాడక్సు పార్లమెంటులో బోస్టను పట్టణమునకు ప్రతినిధి; అందుచేత ఆ తావునకు బోస్టన్ లాడ్జి యని పేరు వచ్చెను. లాడ్జి యను మాట నెరుగనివారు మనలో లేరు. తరువాత ఫెస్టినియోగ్ రైలు ఆ కట్టమీదుగనే పరచబడెను. బోస్టన్ లాడ్జి దాని కర్మాగారమయ్యెను. నేటికిని అచ్చటనే ఇంజనులు బాగుచేయబడుచున్నవి.

గనిపనివారి బసల కథ యింత సుఖమైనది కాదు. గనులు కొండల పైభాగమున నుండెను. పనివారి గ్రామములు దూరమున నుండెను. ప్రతిదినము వచ్చి పోవుట సాధ్యము గాక, వారు సోమవారము వేకువను ఇల్లు విడిచి, వారమునకు సరిపడు తిండి మూట గట్టుకొని వచ్చి, శనివారము పని ముగిసిన పిదప ఇంటికి మరలుచుండిరి. నడుమనున్న రాత్రులు గనియొద్దనే బారకాసులలో గడపుచుండిరి. డినోర్విగ్ గనియొద్ద ఆంగిల్సీ దీవినుండి వచ్చు పనివారికై కట్టిన బారకాసులు ఇప్పటికిని శిథిలములై నిలిచియున్నవి. ఒకదాని కొకటి ఎదురుగా రెండు వరుసలు. ఒక్కొక్క వరుసలో పదకొండు బసలు. ఒక గదిలో పొయ్యి, వేరొక గదిలో పడకలు. విద్యుద్దీపము లేదు, కుళాయి నీరు లేదు. 1948లో ఆరోగ్యశాఖ తనిఖీదారుడు వచ్చి చూచి, ఇవి మనుష్యులుండదగినవి కావని తీర్పు చెప్పిన పిదపనే అవి ఖాళీయయినవి. ఆ బారకాసులో నుండుటయు ఉద్యోగములో భాగమే. పడక విడిచినచో పని లేదు. పని విడిచినచో కూడు లేదు.

ఆ కష్టజీవులే పగటి విరామమున గనియందలి చిన్న భోజనశాలలో కూర్చుండి సంగీతమును, కవిత్వమును, రాజకీయములను చర్చించుకొనుచుండిరి. ఆ శాలను వారు కాబన్ అందురు. చదువు తక్కువయైనను వాదము తక్కువ గాని ఆ కాబన్‌ల పేరు వేల్సు జనుల నోట నేటికిని గౌరవముతో వినబడును. నలుగురు పనివారు ఒకచోట తిని ఒకచోట విశ్రమించినపుడు పనికంటె గొప్పదేదో ఒకటి పుట్టునని ఆ కాబన్‌లు చాటుచున్నవి. ఈ మాటను మనసున నుంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

ఇరువదవ శతాబ్దిలో పలకరాతి వ్యాపారము క్షీణించెను. ఫెస్టినియోగ్ రైలు 1946 ఆగస్టులో ఆగిపోయెను. దానికి దక్షిణముగా టవిన్ అను సముద్రతీరపు టూరినుండి కొండలలోనికి పోవు టాలిలిన్ అను ఏడు మైళ్ల చిన్న రైలు మాత్రము కొన ఊపిరితో నుండెను. దానికి రాయి నిచ్చు గని 1946 డిసెంబరులో కూలి మూతపడెను. ప్రభుత్వము రైళ్లను స్వాధీనపరచుకొన్నపుడు ఆ పట్టికలో ఈ రైలుపేరు చేరలేదు. దాని యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్సు తాను బ్రతికియున్నంత కాలము రైలు నడుపుదునని మాట యిచ్చి, 1950 జూలైలో మరణించువరకు ఆ మాట నిలుపుకొనెను. పిదప దాని గతి యేమి? టామ్ రోల్టు అను రచయిత బర్మింగ్‌హాంలోని మిత్రులను కూర్చెను. 1950 అక్టోబరు 11వ తేదీన ఆ నగరమున సభ జరిగి సంఘ మేర్పడెను. 1951 మే 14వ తేదీన సంఘమువారి మొదటి బండి కదలెను. స్వచ్ఛంద సేవకులు రక్షించి నడిపిన రైళ్లలో ప్రపంచమున కది మొదటిది.

ఇందులో నొక సూక్ష్మము గమనింపదగియున్నది. సంఘము పుట్టినది బర్మింగ్‌హాంలో, రైలున్నది టవిన్‌లో. నడుమ నూరు మైళ్లకు పైగా దూరము. ప్రేమ యొకచోట, పని యొకచోట. పాత రైళ్లకు ఇది సహజమైన చిక్కు. జనము కిక్కిరిసిన చోట రైలు లాభము నిచ్చును గనుక మూతపడదు. మూతపడినది మారుమూలనే యుండును. దానిని ప్రేమించు జనులు నగరములలో నుందురు. అదృష్టవశమున టవిన్ సముద్రస్నానములకు జనులు వచ్చు ఊరు. అద్దెకు గదులిచ్చు ఇండ్లు అచ్చట నుండెను. పనిచేయుటకు వచ్చువారు తమ సెలవు దినములనే రైలునకు ధారవోసిరి. థామస్ అను రైలింజను కథలను పిల్లలకై వ్రాసి ప్రసిద్ధుడైన ఆడ్రీ అను క్రైస్తవ మతాచార్యుడు ఆ తొలినాళ్లలో సెలవులకు కుటుంబముతో వచ్చి అచ్చట గార్డుగా పనిచేసెను. కూలి లేకపోవుట యటుంచి, తన ఖర్చు తానే పెట్టుకొని పనిచేయుట ఆనాటి రీతి.

కాని ఎవరి ఖర్చు వారే పెట్టుకొనవలెనన్నచో ఖర్చు పెట్టగలవారే వత్తురు. విద్యార్థి రాలేడు; అప్పుడే పనిలో చేరిన యువకుడు రాలేడు; కుటుంబభారము గలవాడు ఏడాది కొక్కమారు వచ్చును. ఈ సంగతి సంఘములకు త్వరలోనే తెలియవచ్చెను. 1954లో అలన్ పెగ్లరు అను వ్యాపారి ఫెస్టినియోగ్ రైలుయొక్క అధికారమును సంపాదించి, సేవకుల సంఘమునకు తోడు నిలిచెను. 1955 జూలైలో మొదటి బండి పాత కట్టను దాటి బోస్టన్ లాడ్జి చేరెను. ఆ మార్గమున పెన్రిన్ అను చిన్న స్టేషను కట్టడము సేవకుల రాత్రి బసయయ్యెను. ప్రయాణికులు వేచియుండుటకై కట్టిన గోడలు పట్టాలు పరచువారికి పడకటిల్లుగా మారినవి. తరువాతి కాలమున మిన్‌ఫోర్థ్ అను చోట సేవకులకై వేరుగా హాస్టలును వెలసెను.

బసయొక్క విలువ యెట్టిదో చక్కగా పరీక్షకు వచ్చినది 1965లో. ఎగువ భాగమున విద్యుదుత్పత్తికై జలాశయము కట్టిరి. పాత రైలుమార్గము కొంత నీట మునిగెను. పరిహారము కొరకు వ్యాజ్యము పెక్కేండ్లు సాగెను. రైలువారు రెండే దారులు చూచిరి: సగముదారిలో ఆగిపోవుట, లేదా కొండను త్రవ్వి క్రొత్తదారి వేయుట. వారు రెండవదానిని ఎన్నుకొనిరి. 2½ మైళ్ల క్రొత్తదారి. ఎత్తు నెక్కుటకు దుయల్ట్ అను చోట మార్గము చుట్ట చుట్టుకొని తనమీదుగా తానే దాటిపోవును. 1965 జనవరిలో సేవకులు పారలతోను, గునపములతోను పని మొదలుపెట్టిరి. ఆ తావునకు సరియైన రోడ్డు లేదు. పనిముట్లు రైలుమీదనే రావలెను. శనివారము వచ్చి సాయంకాలమునకే మరలవలసివచ్చినచో సగము ప్రొద్దు దారిలోనే గడచిపోవును.

అప్పుడొక ఇరుగుపొరుగువాడు చేయి యిచ్చెను. దుయల్ట్ యొద్ద ఒక పురాతన గృహమున కల్నల్ ఆండ్రూ కాంబెల్ అను ఆయన నివసించుచుండెను. ఆయన యింటికిని రైలే దారి. ఆయన వారాంతమున వచ్చు సేవకులకు తన తావున బస నిచ్చెను. అంతటితో నాగక, ప్రేలుడు మందు వాడుటకు అనుమతి గలవాడు గనుక రాతిని పగులగొట్టుటకును సాయపడెను. ఆయన యింటియొద్ద కట్టిన చిన్న ప్లాట్‌ఫారము నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. సొరంగము మాత్రము సేవకులవలన గాలేదు. దానిని కారన్‌వాల్ ప్రాంతపు గనిపని తెలిసినవారు కూలి పుచ్చుకొని 1975–77 నడుమ త్రవ్విరి. 1978లో రైలు టానుగ్రిషై చేరెను. 1982 మే 25వ తేదీన తుదిస్టేషనగు బ్లైనై ఫెస్టినియోగ్ చేరెను. పదునేడేండ్లు పట్టిన పని. ఆ పదునేడేండ్లలో ఎందరు ఎన్ని రాత్రులు ఇల్లు విడిచి కొండమీద పండుకొనిరో ఎవరు లెక్కింపగలరు? ఆ రాత్రులు లేనిచో ఆ పగళ్లు లేవు.

కొండయిల్లు అందరికి దొరకదు గదా. పెక్కు సంఘములు తమ చేతిలో నున్న వస్తువునే పడకగా మార్చుకొనినవి. ఆ వస్తువు పాత రైలుపెట్టె. ఇందులకు మునుపటి ఉదాహరణ మొకటి యుండెను. 1933లో ఒక ఆంగ్ల రైలు కంపెనీవారు పాతబడిన పెట్టెలను పల్లెస్టేషనులలో ప్రక్కపట్టాలమీద నిలిపి, పడకలు, వంటసామాను అమర్చి, సెలవులకు వచ్చువారికి అద్దెకిచ్చిరి. తరువాత ప్రభుత్వ రైల్వేవారు రాత్రిబండ్లలోని పాత శయనపు పెట్టెలను తీసివేసినపుడు, సేవాసంఘములు వానిని కొని ప్రక్కపట్టాలమీద నిలిపి, సేవకుల పడకటిండ్లుగా చేసికొనినవి.

ఆ శయనపు పెట్టెలను తీసివేయుటకు గల కారణములలో నొకటి దుఃఖకరమైనది. 1978 జూలై 6వ తేదీన టాంటన్ అను ఊరియొద్ద నిదుర పెట్టెలో నిప్పు పుట్టి పండ్రెండుగురు మరణించిరి. వాడిన దుప్పట్ల మూటలను విద్యుత్తుతో వేడినిచ్చు పరికరమున కానించి పెట్టుటయే దానికి మూలము. పలువురు మంటచే గాక పొగచే చనిపోయిరి. ఆ పిదప క్రొత్తగా కట్టిన శయనపు పెట్టెలలో పొగను కనిపెట్టు సాధనములు మొదలగు జాగ్రత్తలు తీసికొనిరి. సేవకునికి పడక యిచ్చుట దయ. కాని నిదురించువాని ప్రాణమునకు పూచీపడుట ధర్మము. పాతది కదా, ఉచితము కదాయని ఆ పూచీ తగ్గదు. బారకాసుకును, వసతిగృహమునకును భేద మిచ్చటనే తెలియును.

ఇక పనియొక్క స్వభావమును చూడుడు. ఆవిరి యింజను మీట నొక్కగానే కదలునది కాదు. చల్లని బాయిలరు ఆవిరి పుట్టించుటకు మూడు నాలుగు గంటలు పట్టును. ఉదయము పది గంటలకు బండి బయలుదేరవలెనన్నచో, చీకటితోనే ఒకడు కొలిమి బూడిద తీసి, పుల్లలు పేర్చి, నిప్పు రాజవేసి, కీళ్లకు నూనె పోయవలెను. దూరమున పండుకొన్నవాడు ఆ వేళకు రాలేడు. బస కొట్టమునకు దగ్గరగా నున్నచో ప్రయాణికునికి బండి వేళకు దొరకును. చీటీ కొని కిటికీయొద్ద కూర్చున్నవానికి ఇంజను కనబడును గాని, ఆ యింజనుకు ముందటి రాత్రి కనబడదు.

ఇట్టి బసలలో సాధారణముగా రాత్రికి కొద్దిపాటి రుసుము పుచ్చుకొందురు. వంట సేవకులే చేసికొందురు. ఊడ్చుట, తుడుచుట వంతులవారిగా జరుగును. మన సత్రములను పోలినను ఒక భేదము కలదు. సత్రమున బాటసారి యొకరాత్రి యుండి పోవును. మరల వచ్చునను నమ్మకము లేదు. ఇచ్చట వచ్చువాడు మరల వచ్చుటకే వచ్చును. సాయంకాలము పొయ్యిచుట్టు చేరినపుడు ముప్పది యేండ్లుగా ఇంజను నడిపిన వృద్ధుడు పదునెనిమిదేండ్ల కుర్రవానితో, వానలో వాలుమీద బ్రేకు ఎట్లు వేయవలెనో చెప్పును. ఆ విద్య పుస్తకములలో పూర్తిగా లేదు. కాబన్‌లో గనివారు చేసిన పనిని ఈ హాస్టలు వంటగది చేయుచున్నది. 2021లో వేల్సు పలకరాతి సీమ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడెను. టాలిలిన్, ఫెస్టినియోగ్ మార్గములు రెండును అందులో చేరినవి. గోడలను, పట్టాలను లోకము గుర్తించినది. ఆ గోడలను కాపాడు విద్య మాత్రము రాత్రి మాటలలోనే చేతులు మారుచున్నది.

కష్టకాల మిప్పటికిని తీరలేదు. 2020 మార్చిలో మహమ్మారి వలన రైళ్లన్నియు ఆగిపోయినవి. పలువురు కలిసి పండుకొను గదులు రోగమునకు అనువైనవి గనుక, బండ్లు మరల కదిలినపుడును బసలను తెరచుట కష్టమయ్యెను. పాతతరపు సేవకులు వృద్ధులగుచున్నారు. సముద్రతీరపు టూళ్లలో గదుల అద్దెలు పెరిగినవి. యువకునికి ఉత్సాహ మున్నది, సెలవున్నది, చేతిలో సొమ్ము లేదు. ఇంజనుకు క్రొత్త బాయిలరు కొనుటకు చందా లడిగినచో జనులు సంతోషముతో నిత్తురు. ఇంజనుపై దాత పేరు చెక్కవచ్చును. పరుపులకును, స్నానపు గదికిని చందా లడిగినచో చేతులు ముడుచుకొందురు. కొందరు పెద్దలు, మేము చాపమీద పండుకొని పనిచేసితిమి, ఈ కాలపువారికి సౌఖ్యము లెందులకు? అని యందురు. వారి త్యాగము మెచ్చదగినదే. కాని త్యాగమును తాము చేయుట వేరు, పరులకు విధించుట వేరు. ఆంగిల్సీ పనివానికి చల్లని బారకాసు విధింపబడెను. అతనికి వేరు దారి లేదు. స్వచ్ఛంద సేవకునికి వేరు దారి యెప్పుడును కలదు. అతడు కోపించడు, అర్జీ పెట్టడు. మరుసటి వారము రాకుండును, అంతే. బాయిలరు క్రొత్తదై కొట్టములో నిలిచియుండగా, దానికి నిప్పు రాజవేయువాడు లేకపోవును.

ఊరిలో గుడి కట్టినను, చెరువు పూడిక తీసినను, గ్రంథాలయము పెట్టినను, ముందుగా మనము రాయిని, సున్నమును, సొమ్మును లెక్కింతుము. ఊరక వచ్చి పనిచేయువానిని దైవ మిచ్చినవానిగా తలచి, లెక్కలో చేర్చము. వేల్సు కొండలలోని రైళ్ల చరిత్ర ఆ లెక్కను సరిచేయుచున్నది. రెండువందల యేండ్లలో ఒకే కొండలసీమలో పడక మూడు రూపములు దాల్చెను: కట్టవేయువానికి గుడిసె, గనివానికి బారకాసు, సేవకునికి హాస్టలు. మొదటి రెండింటిలో యజమాని పనివానిని కట్టివేయుటకు పడక నిచ్చెను. మూడవదానిలో పనివాడు మరల తనంతట తాను వచ్చుటకై పడక వేయబడెను. కూలి కోరనివాడు మననుండి కోరున దొక్కటే: రాత్రికి పొడిగా నున్న చోటు, ఉదయమున కింత వేడినీరు, తన పని నలుగురికి కావలెనను తలంపు. ఆ మాత్రము చూపిన చోట రైళ్లు నడచుచున్నవి.